బాధ ఎవరిది, లెక్క ఎవరిది?

ఒకే జబ్బు. దానితో రోజూ బతికేవాళ్లు దాన్ని ఒక తీరుగా కొలుస్తారు, బయట నిలబడి చూసేవాళ్లు ఇంకో తీరుగా కొలుస్తారు. ఈ రెండు కొలతలకు నడుమ తేడా ఎందుకొస్తుంది? ప్రభుత్వాలు డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఎవరి కొలతను పట్టించుకోవాలి? ఈసారి గోడపత్రికకు నేను ఎంచుకున్న విషయం ఇది.

తెలుగు శాఖ గోడ మీద వైద్యం ఎందుకమ్మా అని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది, ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని నొప్పి కనబడదు. నొప్పిని చెప్పేది మాటే. మాట మన శాఖ పని. రెండోది, మాది బామ్ని. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. మా దిక్కు ఇల్లు తెలుగు, బడి మరాఠీ, అడవి లోపలికి పోతే గోండి, మాడియా. ఒక్క బాధను మూడు భాషల్లో చెప్పుకునే చోటు అది. ఈ విషయం మీద దేశమంతా గమనించిన పని కొంత మా జిల్లాలోనే జరిగింది.

మాటలతో మొదలుపెడదాం

‘ఆరోగ్యం’ అనే మాటను విడదీసి చూడండి. రోగం లేకపోవడం అరోగం, ఆ స్థితి ఆరోగ్యం. అంటే ఇది లేనిదాన్ని చెప్పే మాట. రోగం ఉందా లేదా అని బయటివాడు పరీక్ష చేసి చెప్పగలడు. ‘స్వస్థత’ అట్లా కాదు. ‘స్వ’ అంటే తాను, ‘స్థ’ అంటే ఉండడం. తనలో తాను నిలిచి ఉండడం స్వస్థత. అది ఉందో లేదో ఆ మనిషే చెప్పాలి. ఈ వ్యాసమంతా ఈ రెండు మాటల నడుమ జరిగే తగువు అనుకోండి.

ఇంకా కిందికి దిగితే మన ఇండ్లల్లో మాటలు ఎన్నో. తలకు పోటు, పంటికి సలుపు, కాళ్లకు గుంజుడు, ఒంటికి తీపులు, నడుము పట్టేయడం, కడుపులో మెలిపెట్టినట్టు ఉండడం. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. దవాఖానలో చీటీ మీద మాత్రం అన్నిటికీ కలిపి ‘నొప్పి’ అనే ఒక్క మాట పడుతుంది. చీటీ మీద పడే మాట తర్వాత అంకె అవుతుంది. ఆ అంకె ఎట్లా పుడుతుందో ఇప్పుడు చూద్దాం.

జబ్బుకు అంకె వేసే పద్ధతి

ఆరోగ్య అర్థశాస్త్రంలో పూర్తి ఆరోగ్యానికి 1, మరణానికి 0 అని పెట్టుకుంటారు. నడుమ ఉండే స్థితులన్నిటికీ నడుమ అంకెలు. ఆ అంకె తెలుసుకోవడానికి ఒక ప్రశ్న వేస్తారు: “ఈ జబ్బుతో నువ్వు పదేండ్లు బతుకుతావు. లేదంటే ఏ జబ్బూ లేకుండా అంతకంటే తక్కువ ఏండ్లు బతుకుతావు. ఎన్ని ఏండ్లు ఇస్తే రెండూ నీకు సమానం?” ఒకరు ఆరేండ్లు చాలు అన్నారనుకోండి. వాళ్ల లెక్కలో ఆ జబ్బుతో బతకడం విలువ 0.6. దీన్ని మనం కాల వినిమయ పద్ధతి అనుకోవచ్చు. ఆ అంకెతో ఏండ్లను గుణిస్తే వచ్చేదాన్ని క్వాలీ అంటారు. అంటే ఎన్నేండ్లు బతికారన్నదొక్కటే కాదు, ఎట్లా బతికారన్నది కూడా కలిపిన లెక్క. ఏ మందుకు సర్కారు డబ్బు పెట్టాలి, దేనికి పెట్టొద్దు అనే నిర్ణయం చాలా దేశాల్లో ఈ లెక్క చూసి చేస్తారు.

జబ్బు స్థితిని వర్ణించడానికి ఎక్కువగా వాడేది ఈక్యూ-5డి అనే ప్రశ్నావళి. యూరోక్వాల్ అనే పరిశోధకుల బృందం దీన్ని 1990లో ప్రకటించింది. ఇందులో ఐదు సంగతులు అడుగుతారు: నడక, స్నానం బట్టల వంటి సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి లేదా ఇబ్బంది, ఆందోళన లేదా కుంగుబాటు. ఇప్పటి రూపంలో ఒక్కోదానికి ఐదు మెట్లు. లెక్క వేస్తే 3125 రకాల స్థితులు వస్తాయి. మన దేశానికి సొంత అంకెల పట్టిక 2022లో అచ్చయింది. చండీగఢ్ పీజీఐ పరిశోధకుల ఆధ్వర్యంలో ఐదు రాష్ట్రాల్లో 3548 మందిని అడిగి దాన్ని తయారుచేశారు. అన్నిటికంటే ఎక్కువగా అంకెను కిందికి లాగింది నొప్పేనని అందులో తేలింది. ఐదు సంగతుల్లోనూ అట్టడుగు మెట్టున ఉన్న స్థితికి సున్నా కంటే తక్కువ అంకె పడింది. అంటే అట్లా బతకడం కంటే చావే నయం అని జనం లెక్క.

ఒక సంగతి గమనించండి. అడిగింది మామూలు జనాన్ని. ‘నీకు ఇట్లా అయితే’ అని ఊహించుకుని చెప్పమన్నారు. నిజంగా అట్లా అయినవాళ్లను వెతికి అడగడం ఈ పద్ధతిలో భాగం కాదు.

బయటి చూపు, లోపలి చూపు

ఊహకూ అనుభవానికీ తేడా ఎంత అని చాలామంది వెతికారు. 1999లో గ్యారీ ఆల్బ్రెక్ట్, పాట్రిక్ డెవ్లీగర్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. గట్టి వైకల్యం ఉన్నవాళ్లతో మాట్లాడితే 54.3 శాతం మంది తమ జీవితం బాగుందని, చాలా బాగుందని చెప్పారు. చూసేవాళ్లకు మాత్రం ఆ బతుకులు దుర్భరంగా తోస్తాయి. ఈ ఎదురుబొదురు సంగతికి వాళ్లు ‘వైకల్య విరోధాభాస’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మన అలంకారశాస్త్రంలో చదువుకున్న విరోధాభాసే, కాకపోతే ఇది కవి కల్పించింది కాదు.

2005లో అమెరికాలో డయాలిసిస్ చేయించుకునే 49 మందిని, వాళ్లతో వయసు వగైరా సరిపోలే 49 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. అందరి చేతికీ చిన్న యంత్రం ఇచ్చి వారం రోజుల పాటు అది మోగినప్పుడల్లా ‘ఇప్పుడు నీ మనసెట్లా ఉంది’ అని నమోదు చేయించారు. రెండు గుంపులకూ పెద్ద తేడా కనిపించలేదు. డయాలిసిస్ రోగులు చాలా దిగులుగా ఉంటారని ఆరోగ్యవంతులు ఊహించారు. ఆ ఊహ తప్పింది.

ఎందుకు తప్పుతుంది? నాకు అర్థమైనంతలో మూడు కారణాలు.

ఒకటి, బయటివాడు మొదటి రోజును ఊహిస్తాడు, పదో ఏడును ఊహించడు. కాలు పోయిన రోజు వేరు, కర్ర పట్టుకుని చేనుకు పోయే పదో ఏడు వేరు. రెండు, బయటివాడికి జబ్బు ఒక్కటే కనిపిస్తుంది. జబ్బు ఉన్నవాళ్ల రోజులో టీ ఉంటుంది, సీరియల్ ఉంటుంది, పక్కింటివాళ్లతో కొట్లాట ఉంటుంది, పిల్లల పరీక్షలుంటాయి. మూడు, ఈ తప్పు అన్ని జబ్బుల్లో ఒకే వైపు జరగదు. నడవలేకపోవడం, చూపు లేకపోవడం లాంటి బయటికి కనబడే స్థితులను జనం ఉన్నదానికంటే భయంకరంగా ఊహిస్తారు. మనసు కుంగిపోవడం, పోయి పోయి మళ్లీ వచ్చే నొప్పి లాంటి కనబడని వాటిని తక్కువ చేస్తారు. కర్రకు మనిషి అలవాటు పడతాడు గాని, కుంగుబాటుకు అలవాటు పడడం కష్టం. పాల్ డోలన్ అనే ఇంగ్లండ్ పరిశోధకుడు ఈ సంగతి మీద చాలా రాశాడు.

ఈ మూడో సంగతి నాకు పుస్తకంలో కంటే ముందు ఇంట్లోనే తెలుసు. మా చెల్లెకు సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు కొడవలిలాగా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి, అప్పుడు ఎముకల్లో నొప్పి లేస్తుంది. చలి, జ్వరం, ఒంట్లో నీళ్లు తగ్గడం దానికి పడవు. చుట్టాలు వస్తే దాని మొహం చూసి “పాపం, పిల్ల బతుకు ఏమైతదో, లగ్గం ఎట్లయితదో” అంటారు. అది మాత్రం “నొప్పి లేని రోజు నేను అందరి లెక్కనే ఉంట. నన్ను రోజూ పేషంట్ చెయ్యకుర్రి. నొప్పి లేచిన రోజు మాత్రం నా మాట నమ్ముర్రి, గంతే” అంటది. చుట్టాలు దాని మామూలు రోజులకు ఎక్కువ బాధ అంటగడతారు. నొప్పి రోజుకు మాత్రం “గింతదానికే ఏడుస్తవా” అంటారు. రెండు వైపులా లెక్క తప్పే.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో సికిల్ సెల్‌ను కూడా చేర్చింది. రిజర్వేషన్ లాంటివి దక్కాలంటే 40 శాతం అని సర్టిఫికెట్ రావాలి. కట్టుడు కాలును ఏ రోజు చూసినా కట్టుడు కాలే. వచ్చిపోయే నొప్పికి శాతం వేయడం అంత సులువు కాదు. నొప్పి లేచిన రోజు శిబిరం దాకా పోలేరు, పోగలిగిన రోజు నొప్పి ఉండదు.

మా గడ్చిరోలిలో జరిగింది

డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల నడిమిలో గడ్చిరోలికి వచ్చి ‘సర్చ్’ అనే సంస్థ పెట్టారు. వాళ్లుండే చోటు శోధగ్రామ్. తొలినాళ్లలో వాళ్ల చూపు సికిల్ సెల్ మీద పడింది. పరిశోధకుల కంటికి అది పెద్ద సమస్య. కానీ జనం దాన్ని తమ సమస్యగా ఎన్నడూ అడగలేదని, ఆ పని తమ ఆసక్తితో మొదలైనదని అభయ్ బంగ్ తర్వాత చెప్పుకున్నారు. అక్కడి నుంచి వాళ్ల దారి మారింది. ముందు అడగడం, తర్వాత చేయడం. ఆదివాసులను అడిగి దవాఖానను వాళ్ల ఇండ్ల తీరుగానే కట్టారు, దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. ఆదివాసుల ఆరోగ్య సభ పెట్టి, మీకు ముందు ఏ జబ్బు సంగతి చూడాలి అని అడిగే పద్ధతి తెచ్చారు.

ఇదే జిల్లా నుంచి 1989లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రెండు ఊర్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్ష చేస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. సగటున ఒక్కొక్కరికి 3.6 జబ్బులు. అంతకుముందు పరీక్ష, చికిత్స జరిగినవాళ్లు 8 శాతమే. బాధ ఉందని నోరు తెరిచి చెప్పినవాళ్లు 55 శాతం. ఈ చివరి అంకెను గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

పిల్లలు లేని బాధకు ఎంత?

ప్రపంచవ్యాప్త వ్యాధి భారం లెక్కల్లో అంకె తిరగేసి ఉంటుంది: బాధ ఏమీ లేకపోతే 0, మరణం 1. 1990లలో ఈ అంకెలను వైద్యరంగం వాళ్లే వేశారు. 2010 లెక్కలకు వచ్చేసరికి బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియాలలో ఇంటింటికీ పోయి, అమెరికాలో ఫోను మీద, ఇంకా ఇంటర్నెట్‌లోనూ కలిపి 30 వేల పైచిలుకు జనాన్ని అడిగారు. ఇద్దరు మనుషుల గురించి రెండు ముక్కలు చెప్పి, ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు అన్నది ప్రశ్న. అంతకుముందు 0.6గా ఉన్న అంధత్వం 0.195కు దిగింది. పిల్లలు పుట్టకపోవడం 0.18 నుంచి 0.011కు దిగింది. అంటే దాదాపు ఏమీ కానట్టే.

మా దిక్కు ఆడవాళ్లను అడిగితే ఏం చెప్తారు? రాణీ బంగ్ అడిగారు. వాళ్లు అన్నిటికంటే గడ్డువని చెప్పిన వాటిలో కాన్పు అడ్డం తిరగడంతో పాటు పిల్లలు లేకపోవడం కూడా ఉంది. ఒకటి ప్రాణం తీసేది. రెండోది ప్రాణం తీయదు, కానీ పెండ్లికి పిలవరు, సీమంతానికి పిలవరు, భర్త ఇంకొకతెను తెస్తాడేమోనని భయం. ‘ఎవరు ఆరోగ్యంగా ఉన్నారు’ అని అడిగితే ఇవేవీ లెక్కలోకి రావు. పైన చెప్పిన ఐదు ప్రశ్నల్లో కూడా ‘నిన్ను పేరంటానికి పిలుస్తున్నారా’ అనే ప్రశ్న లేదు.

మన భాష ఇందులో అమాయకమైనది కాదు. ‘గొడ్రాలికేం తెలుసు బిడ్డ నొప్పులు’ అని సామెత. అనుభవించినవాళ్లకే బాధ తెలుస్తుంది అన్న సత్యం చెప్తుంది. చెప్పడానికి మాత్రం ఒక బాధలో ఉన్న మనిషిని ఎగతాళికి వాడుకుంటుంది. ఆమె నొప్పి నొప్పి కాదన్నట్టు. సామెతల పాఠంలో మనం దీన్ని బట్టీ పడతాం. 0.011 అన్న అంకె, ఈ సామెత, రెండూ ఆమెను అడగకుండా పుట్టినవే.

మరి రోగి మాటే చివరి మాటా?

ఇక్కడిదాకా చదివి, ‘అయితే జబ్బు ఉన్నవాళ్లనే అడిగితే సరిపోతుంది కదా’ అనిపించవచ్చు. అంత సులువు కాదు. ఆ 55 శాతాన్ని మళ్లీ చూడండి. 92 మందికి జబ్బు ఉంటే బాధ ఉందన్నది 55 మందే. మిగతావాళ్లలో కొందరికి నిజంగా ఏ బాధా లేకపోవచ్చు. కొందరు ‘ఆడపుట్టుక అంటే ఇంతే’ అని ఊరుకుని ఉండొచ్చు. మా అమ్మమ్మ నడుము ఇరవై ఏండ్ల నుంచి వంగే ఉంది. ఎట్లున్నవ్ అంటే “మంచిగనే ఉన్న బిడ్డా” అంటది. అది స్వస్థతా, అడగడం మానేయడమా?

అమర్త్యసేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇదే ఎత్తి చూపించారు. కేరళలో ఆయుర్దాయం ఎక్కువ, మాకు జబ్బుంది అని చెప్పేవాళ్లూ ఎక్కువే. బీహార్‌లో ఆయుర్దాయం తక్కువ, చెప్పేవాళ్లూ తక్కువ. జనం మాటొక్కటే నమ్మితే కేరళ కంటే బీహార్ ఆరోగ్యంగా ఉందనుకోవాలి. చదువు, దవాఖాన దగ్గరుంటే మనిషి తన బాధకు పేరు పెట్టడం నేర్చుకుంటాడు. అవి లేని చోట బాధ అలవాటైపోతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ‘బాగున్నాను’ అనడం వేరు, ‘నాకు నయం కానక్కరలేదు’ అనడం వేరు. డయాలిసిస్ మీద నవ్వుతూ బతికే మనిషి కూడా కొత్త కిడ్నీ దొరికితే వదులుకోడు.

అంకె మారితే ఏం మారుతుంది

ఊహించిన అంకెలతో ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక జబ్బుకు జనం 0.4 వేశారు, రోగులు 0.7 వేశారు అనుకుందాం.

పదేండ్ల పాటు ఆ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు వచ్చింది. జనం లెక్కలో లాభం 0.6 × 10 = 6. రోగుల లెక్కలో 0.3 × 10 = 3. అంటే రోగి మాట వింటే ఆ రోగి మందుకే విలువ సగమైంది!

ఇప్పుడు ఆ జబ్బు అట్లనే ఉంచి, ఆ మనిషి ప్రాణాన్ని పదేండ్లు నిలబెట్టే చికిత్స ఉంది. జనం లెక్కలో లాభం 4, రోగుల లెక్కలో 7. జనం మాట వింటే వైకల్యం ఉన్నవాళ్ల ప్రాణానికి విలువ తగ్గింది.

ఎటు పోయినా ఎక్కడో ఒకచోట రోగికే దెబ్బ. అందుకే దేశాలు ఒక్క మాట మీద లేవు. ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ సాధారణ జనం వేసిన అంకెలు వాడుతుంది. పన్ను కట్టేది వాళ్లు, రేపు జబ్బు పడే అవకాశం అందరికీ ఉంది అనేది ఆ వైపు వాదం. స్వీడన్ సంస్థ మాత్రం ఆ స్థితిలో ఉన్నవాళ్ల అంకెలకే మొగ్గు చూపుతుంది. తెలియని దానికి వెల కట్టడం ఎట్లా అనేది ఆ వైపు వాదం.

నాకు తోచింది

ఇద్దరినీ రెండు వేర్వేరు ప్రశ్నలు అడగాలి. ‘ఈ జబ్బుతో బతకడం ఎట్లా ఉంటుంది’ అన్నది దానితో బతికేవాళ్లనే అడగాలి. ఆ జవాబు మీద ఇంకెవరికీ హక్కు లేదు. ‘అందరి డబ్బును ఎట్లా పంచాలి’ అన్నది అందరినీ అడగాలి, కానీ మొదటి జవాబు విన్న తర్వాతే. మూడో పని వైద్యులది. అలవాటైపోయి మాట బయటికి రాని బాధను వెతికి, ‘ఇది ఇట్లా ఉండక్కరలేదు’ అని చెప్పడం. 1989లో మా జిల్లాలో జరిగింది అదే.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం. మంచి పని. పరీక్ష తర్వాత చేతికొచ్చే కార్డు రోగం ఉందో లేదో చెప్తుంది. నొప్పి రాత్రి ఎట్లా గడిచిందో మాత్రం కార్డు చెప్పదు. అది చెప్పాల్సింది మా చెల్లె, వినాల్సింది మనం. అది తెలుగులో చెప్తే మరాఠీ డాక్టర్‌కు అర్థం కావాలంటే, నడుమ మాటలు తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి. తెలుగు చదివితే ఏమొస్తది అని అడిగేవాళ్లకు ఇది ఒక జవాబు.

చర్చకు

1. కాల వినిమయ ప్రశ్నను కండ్లద్దాలు పెట్టుకునే ఇద్దరిని, పెట్టుకోని ఇద్దరిని అడగండి. జవాబుల్లో తేడా ఉందా?

2. వైకల్యాన్ని, జబ్బును ఎగతాళి చేసే సామెతలు ఎన్ని తెలుసు? పాఠంలో వాటిని ఎట్లా చెప్పుకోవాలి?

3. మీ ఊర్లో నొప్పికి ఉన్న మాటలు ఏవి? ఈ కాగితం కింద తెల్లకాగితం అతికించాను. మాట, ఊరి పేరు, అది ఎట్లాంటి నొప్పో ఒక్క ముక్కలో రాయండి. ‘గుంజుడు’తో నేను మొదలుపెట్టాను.